తాళంచెవి గోదాట్లోనే ఉంది

"సినిమాలో మా ఆయన్ని వదిలేసేరు కదా బాబూ, మరి మీరెందుకు వదల్లేదు?"

కాకినాడలో నా ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడి వీరవేణి ఈ మాట అడిగి పది రోజులైంది. కోపంగా అడిగి ఉంటే నేనూ కసిరి పంపేసేవాణ్ణి. రేషను షాపులో పంచదార ఎందుకు రాలేదని అడిగినట్టు, నెమ్మదిగా, నిజంగా తెలుసుకుందామని అడిగింది. పది రోజులుగా వెతుకుతున్నా నాకు జవాబు దొరకలేదు. అందుకే 1986 మే నెల ఎండలో, ఒక ఆదివారం పొద్దున్న పదకొండు గంటల ఆటకి యానాం సినిమా హాల్లో కూర్చుని నా కథ నేనే చూస్తున్నాను.

నా పేరు ఉమామహేశ్వరం. ప్రైవేటు డిటెక్టివుని. బోర్డు మీద అలాగే రాసి ఉంటుంది గాని, నేను చేసే పనిలో ముప్పాతిక భాగం పెళ్ళికొడుకుల అలవాట్లు వాకబు చెయ్యడమే. ఒక్క కేసు నన్ను పెద్దవాణ్ణి చేసింది. 1981 ఫిబ్రవరి పదకొండున దరియాలతిప్ప రేవులో పడవల యజమాని సూర్యనారాయణ తన వలల కొట్టులోనే హత్య అయ్యాడు. మర్నాడు పొద్దున్న తలుపు పగలగొట్టి చూశారు. సూర్యనారాయణ తమ్ముడు ఆ పొద్దున్నే నన్ను పిలిపించాడు. కొట్టుకి బయటినుంచి తాళం వేసి ఉంది. ఆ తాళానికి రెండే చెవులు. ఒకటి శవం మొలతాడుకే ఉంది. రెండోది కొట్టు కాపలా చూసే పడవవాడు బుల్లబ్బాయి దగ్గర ఉండాలి, లేదు. "కొట్టు పంచలో మేకుకి తగిలించి ఎల్లేనండి" అన్నాడు వాడు. మేకుకీ లేదు.

బుల్లబ్బాయి ఆ మధ్యాహ్నం మూడింటికి కొట్టు దగ్గర సైకిలెక్కి, యానాం రేవులో మనుషుల్నీ సైకిళ్ళనీ దాటించే మూడున్నర పంటు పట్టుకుని, గోదారి దాటి ఎదుర్లంక వెళ్ళిపోయాడు. తిరిగి వచ్చింది మర్నాడే. డాక్టరేమో రెండింటికీ ఏడింటికీ మధ్య ప్రాణం పోయిందన్నాడు. మిగిలిందంతా నేను పూరించాను. మూడింటిలోపే చంపాడు, తాళం వేశాడు, పంటు మీదనుంచి తాళంచెవి గోదాట్లో పారేశాడు. ఎంత చక్కగా అతికిందో, చెబుతుంటే నాకే ముచ్చటేసింది.

స్టేషన్‌లో రెండు రోజులు కుళ్ళబొడిచాక బుల్లబ్బాయిని తెచ్చి నా ముందు కూర్చోబెట్టారు. "తాళంచెవి గోదాట్లో పారేశావు కదూ?" అన్నాను. తల ఊపాడు. ఆ తల ఊపుని నేను కోర్టులో బోనెక్కి, ప్రమాణం చేసి, "నా ఎదుట ఒప్పుకున్నాడండి" అని చెప్పాను. యావజ్జీవం పడింది. బుల్లబ్బాయి వీరవేణి మొగుడు. యానాం పాండిచ్చేరి పాలనలోది కాబట్టి ఇప్పుడు పాండిచ్చేరి జైల్లో రక్తం కక్కుతున్నాడు. వచ్చే వానాకాలం దాటడని జైలు డాక్టరే చెప్పాడట. కొత్త సాక్ష్యం ఒక్కటి తెస్తే కేసు తిరగదోడిస్తానన్నాడు వకీలు. లేకపోతే తన మెట్లెక్కవద్దన్నాడు.

ఇక సినిమా సంగతి. మూడు సాయంత్రాలు నా దగ్గర కూర్చుని ఈ కేసంతా విన్న ఒక నవలాకారుడు "మూడున్నర పంటు" అని డిటెక్టివు నవల రాశాడు. "పడవవాడే హంతకుడంటే పాఠకుడు పుస్తకం విసిరికొడతాడండీ" అన్నాడాయన. అందరూ అనుమానించేవాడు హంతకుడు కాకూడదు, ఈ వ్యాపారంలో అది మొదటి సూత్రమట. అందుకని మొదటి అధ్యాయంలో శవం నాడి చూసిన డాక్టర్నే హంతకుణ్ణి చేసి, పడవవాణ్ణి విడిపించేశాడు. సినిమావాళ్ళు ఇంకో మెట్టెక్కి, విడుదలైన పడవవాడికీ పెళ్ళానికీ గోదారి మీద ఒక పాట కూడా పెట్టారు. ఆ పాట వస్తుంటే ఆడవాళ్ళ బెంచీల వైపునుంచి ముక్కు చీదిన చప్పుడు వినబడింది. అది వీరవేణి అని తిరిగి చూడకుండానే తెలిసింది.

తెర మీద నేను ఆరడుగులున్నాను. నడివేసవిలో మోకాళ్ళదాకా కోటు, నోట్లో పైపు. ఏ తలుపు తీసినా ముందు నా గొంతు వినిపిస్తుంది, "ఆ క్షణంలో నాకు తెలియదు..." అంటూ. నాకు చివరిదాకా తెలియదని రచయితకి ఎంత నమ్మకమో. పక్కన ఒక ఇన్‌స్పెక్టరు, పొట్టేసుకుని, తప్పుడు మనిషికి బేడీలు వేస్తూ, గుమ్మాలకి తల కొట్టుకుంటూ జనాన్ని నవ్విస్తుంటాడు. డిటెక్టివు కథలో పోలీసు ఇన్‌స్పెక్టరు మొద్దావతారమే. నేను చిన్నప్పటినుంచీ చదివిన నవలలన్నిటిలోనూ అంతే. డిటెక్టివుని విసిగించడానికి తప్ప ఇంకెందుకూ వాడు పుట్టడు.

తొమ్మిదో రీల్లో హత్య, ఫ్లాష్‌బ్యాకులో. ఇక్కడా ఒక సూత్రం ఉంది. చివరి రీలుదాకా హంతకుడి ముఖం చూపించకూడదు కాబట్టి నల్ల గ్లవ్సు తొడిగిన చేతులు మాత్రమే చూపిస్తారు. ఆ చేతులు కొట్టు తలుపు మూశాయి. తాళం వేశాయి. నవల్లోనైతే ఇక్కడ తాళంచెవిని గోదాట్లోకి విసరాలి. సినిమాలో అలా జరగలేదు. ఎడమచెయ్యి చూరు కిందికి వెళ్ళి, పంచలోని వెదురు గెడని తడిమి, కణుపు పైనున్న చిన్న కన్నంలో తాళంచెవి జారవిడిచింది.

ఆ షాటుకి హాలు దద్దరిల్లింది. బెంచీలవాళ్ళు లేచి ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు. ఒకాయన చిల్లర విసిరాడు కూడాను. ముఖం లేని చేతులకి చప్పట్లేమిటో నాకు అర్థం కాలేదు. తమ ఊరి కొట్టు తెర మీద కనబడిందని సంబరమేమోలే అనుకున్నాను.

వీరవేణి నన్ను వెతుక్కుంటూ కాకినాడ వచ్చింది ఈ షాటు కోసమే, అసలు తాళంచెవి కూడా ఆ గెడలోనే ఉందేమోనని. వలలు కుట్టేవాళ్ళు సూదిని నేలమీద పెట్టరు. గెడకి కణుపు పైన కన్నం చేసి, అందులో సూది వేసి, దాని దారం బయటికి వేలాడనిస్తారు. కావలసినప్పుడు దారం లాగుతారు. ఊళ్ళో మూడేళ్ళ పిల్లకి కూడా తెలిసిన అలవాటు ఇది, కాకినాడలో చదువుకున్న నాకు తెలియదు. "ఆ గెడ మా అన్న పాతింది బాబూ" అంది వీరవేణి. "ఆ రోజే. సాయంత్రం ఐదింటికి. మా ఆయన మూడున్నరకే గోదారి దాటేసేడు కదా." అంతే. ఆ గెడలో నిజంగా తాళంచెవి ఉంటే, తాళం పడింది ఐదు తరవాత. అప్పటికి బుల్లబ్బాయి ఎదుర్లంకలో ఉన్నాడు. అక్షరం ముక్క రాని మనిషి నా కేసుని మూడు మాటల్లో తేల్చేసింది.

పాత నోట్‌బుక్కు తీసి చూశాను. పన్నెండో తారీఖు పొద్దున్న నా దస్తూరీతోనే ఉంది: "పంచలో ఎడమవైపు పచ్చి వెదురు గెడ, మొదట్లో తడి మట్టి." రాసుకున్నాను, వదిలేశాను. నవలాకారుడు మాత్రం వదల్లేదు. "పచ్చి వెదురు వాసన" అని వర్ణనలో వాడుకున్నాడు.

ఒంటిగంటా నలభైకి ఆట వదిలారు. ఆపరేటరు సత్తిబాబు క్యాబిన్‌లో రీళ్ళు చుట్టుకుంటున్నాడు. బక్కపల్చటి మనిషి, బనీను తడిసి ముద్దయింది. తొమ్మిదో రీలు కాస్త విప్పి బల్బుకి అడ్డంగా పెట్టి చూపించాడు. ఎడమవైపు గెడ. కణుపు పైన కన్నం. అనుమానం లేదు.

"సత్తిబాబూ, ఈ బొమ్మలు రెండు కత్తిరించి ఇస్తావా? కోర్టు పని."

"ఇస్తానండి. సాయంత్రం ఫస్టు షోకి ముందు రండి, అతుకులు చూసుకునేటప్పుడు కోసి ఇస్తాను. ఇప్పుడు మ్యాట్నీ టైమైపోతందండి."

"గెడలో వెయ్యమని డైరెక్టరుకి ఎవరు చెప్పారో తెలుసా?"

"ఆయ్, అది పెద్ద కథండి. తీరిగ్గా చెబుతాను."

ముందు తాళంచెవి ఉందో లేదో తేలాలి, అది లేకపోతే ఎవరు చెబితే మాత్రం ఏం లాభం, అనుకుని దిగి వచ్చేశాను. ఆ ఐదు నిమిషాలు నిలబడి ఉంటే ఈ అధ్యాయం ఇంకోలా ఉండేది.

వీరవేణీ నేనూ రెండున్నరకి దరియాలతిప్ప చేరాం. ఐదేళ్ళుగా ఆ కొట్టుని ఎవరూ వాడలేదు. సినిమావాళ్ళు వారం రోజులు అద్దెకి తీసుకున్నారు, మళ్ళీ తలుపులు పడ్డాయి. ఎదురుగా తాటాకు నీడలో పాపాయమ్మ ఎండుచేపలు తిరగేస్తోంది. ఆవిడ అప్పట్లో మా తరఫు సాక్షి. బుల్లబ్బాయి మూడింటికి వెళ్ళడం చూసింది ఆవిడే.

"పాపాయమ్మా, ఆ రోజు బుల్లబ్బాయి వెళ్ళేటప్పటికి ఈ గెడ ఉందా?"

"ఎక్కడుంది బాబూ. పాతది పుచ్చి ఇరిగిపోతే చూరు వాలిపోయింది. ఈ ఈరేణి అన్న కొత్తది తెచ్చి పాతేడు. అప్పటికి ఐదైంది. మా మనవరాలు బళ్ళోంచొచ్చి ఆడుకుంటంది."

"అప్పుడు తలుపుకి తాళం ఉందా?"

"తాళమేటి. లోపల రేడియో మోగతంది. సూర్నారాయణగోరు దగ్గేరు కూడాను."

"ఇదంతా కోర్టులో ఎందుకు చెప్పలేదు?"

"అడగలేదు కదా బాబూ. అడిగినదానికే చెప్పమన్నాడు మీ ప్లీడరు. బుల్లబ్బాయి ఎన్నింటికెల్లేడు అన్నారు, మూడింటికి అన్నేను. దిగిపొమ్మన్నారు."

వీరవేణి ఆవిడ వంక చూసింది. నాకైతే నేల చీలితే బాగుండుననిపించింది. ఐదేళ్ళ క్రితం ఇదే మనిషిని ఇదే చోట నేను అడిగిన ప్రశ్న ఒక్కటే, బుల్లబ్బాయి ఎన్నింటికి వెళ్ళాడు. జవాబు ముందే పెట్టుకుని అడిగిన ప్రశ్న అది.

"ఐదు తరవాత ఎవరైనా వచ్చారా?"

"ఎవరూ రాలేదు బాబూ. దీపాలెట్టే ఏళకి పోలీసోళ్ళ జీపొచ్చింది. అది రోజూ వచ్చేదే."

యానాం బ్రాందీ ఈ రేవులోనే పడవలెక్కి ఆంధ్రా ఒడ్డుకి పోతుందనీ, దాని మామూళ్ళ కోసమే జీపు వచ్చిపోతుందనీ అందరికీ తెలిసిందే. ఆ మాట నేను రాసుకోలేదు.

గెడ కన్నంలో రెండు వేళ్ళు మాత్రమే పట్టాయి. పాపాయమ్మ దగ్గర మచ్చుకత్తి అడిగి తీసుకుని, కింది కణుపు దగ్గర గెడని నిలువునా చీల్చాను. ఠంగుమని ఒక తాళంచెవి రాలింది. తీసి చూస్తే తళతళలాడుతోంది. రేకు ముక్క, వెండిరంగు పూత. సినిమావాళ్ళ బొమ్మ తాళంచెవి.

వీరవేణి నేల మీద కూలబడిపోయింది. "ఇదేనా బాబూ?"

నేను చీలికలో వేలు పెట్టి అడుగుదాకా గీకాను. పురుగు తొలిచిన పొట్టు, సాలెగూడు, దాని కింద గట్టిగా ఏదో తగిలింది. రెండో తాళంచెవి. తుప్పు పట్టి వెదురుకి అతుక్కుపోయింది. పట్టుకునే చోట చిల్లులో ఎర్రదారం పోగు ఇంకా ఉంది. మేకుకి తగిలించడానికని తనే ఎర్రదారం కట్టానని బుల్లబ్బాయి కోర్టులో చెప్పాడు. జడ్జిగారు రాసుకున్నారు కూడాను.

వీరవేణి దాన్ని ముట్టుకోలేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. తరవాత సంచీలోంచి ఒక పోస్టు కార్డు తీసింది. నెలకో కార్డు జైలుకి పంపుతుంది, ఎవరో ఒకరిచేత రాయించి. "ఈ నెల మీరు రాయండి బాబూ. తాళంచెవి దొరికింది, దిగులెట్టుకోకు, మందులు మింగు అని రాయండి. మీ చేత్తో రాస్తే నమ్ముతాడు." సాయంత్రం రాస్తానని చెప్పి కార్డు జేబులో పెట్టుకున్నాను.

మూడూ నలభైకి జీపు వచ్చింది. ఇన్‌స్పెక్టరు పాపారావు, ఇద్దరు కానిస్టేబుళ్ళు. 1981లో సబ్ ఇన్‌స్పెక్టరు, ఈ కేసుతోనే పైకొచ్చాడు. పనిలో మా ఇద్దరికీ ఏనాడూ పడలేదు. ఆయన దృష్టిలో నేను ఆంధ్రానుంచి వచ్చిన షోకిల్లా రాయుణ్ణి. నా దృష్టిలో ఆయన లాఠీ తప్ప బుర్ర వాడని మనిషి.

"ఏంటి ఉమామహేశ్వరంగారూ, మళ్ళీ దయచేశారు. ఈసారి కథ ఎవరికి చెబుదామని?"

"పాపారావుగారూ, బుల్లబ్బాయి విషయంలో మనిద్దరం తప్పు చేశాం."

"మనిద్దరం అనకండి. ఒప్పుకున్నాడని బోనెక్కి చెప్పింది మీరు. నేను రాసుకున్నానంతే."

"వాణ్ణి ఒప్పుకునేలా చేసింది మీ లాఠీ."

"ఆ లాఠీని మీరు చూశారు కదండీ. అప్పుడేమీ అనలేదే."

నిజమే. ఏమీ అనలేదు. గెడ సంగతి, పాపాయమ్మ మాట, ఎర్రదారం, అన్నీ వరసగా చెప్పాను. ఆయన సిగరెట్టు ముట్టించుకుంటూ విన్నాడు. కాలిన పుల్ల కింద పడెయ్యకుండా, చూడకుండానే చెయ్యెత్తి, కుడివైపు గెడ కన్నంలో వేశాడు. "మా అమ్మ ఈ రేవులోనే వలలు కుట్టి నన్ను చదివించింది. ఇక్కడి గెడల సంగతి మీరు నాకు చెప్పక్కర్లేదు" అన్నాడు. తరవాత చెయ్యి చాపాడు. "అది ఇలా ఇవ్వండి."

"ఇవ్వను. మధ్యవర్తుల ఎదుట రిపోర్టు రాయండి, అప్పుడిస్తాను."

"మీరు రాయించే నవల్లో అలాగే జరుగుతుంది. ఇక్కడ మీకు ఏ హక్కూ లేదు. పరాయి కొట్టులో చొరబడి గెడ నరికారు. పక్కన ఖైదీ పెళ్ళాం. తాళంచెవి అదే తెచ్చి బొంగులో పెట్టిందని నేను రాస్తే ఎవరు కాదంటారు?"

"పాపాయమ్మ చూసింది. చీలుస్తుంటే ఎదురుగానే ఉంది."

పాపాయమ్మ చేపలు తిరగెయ్యడం ఆపలేదు. "నాకు కళ్ళు ఆనవు బాబూ" అంది, తల ఎత్తకుండానే.

కానిస్టేబుల్ ఒకడు వీరవేణి రెక్క పట్టుకున్నాడు. ఆవిడ పెనుగులాడలేదు. నా వంకే చూస్తోంది. పాపారావు గొంతు తగ్గించాడు. "చూడండి, నేనేం రాక్షసుణ్ణి కాను. తాళంకప్ప స్టేషన్‌లోనే ఉంది. నాలుగున్నరకి రండి, ఇద్దరు పెద్దమనుషుల్ని పిలిపిస్తాను. వాళ్ళ ఎదుట తిప్పి చూద్దాం. పడితే పాండిచ్చేరికి నేనే రాస్తాను. రసీదు అక్కడే ఇస్తాను."

నేను లెక్క వేసుకున్నాను. ఈయన మొండి, గర్విష్ఠి. తన కేసు తప్పని ఒప్పుకోవడం ఇష్టం లేదు. అంతకు మించి ఏముంటుంది? ఇద్దరు కానిస్టేబుళ్ళు చూశాక వస్తువు మాయం చేసేంత ధైర్యం ఉండదు. ఆవిణ్ణి లాకప్పులో పెడితే మాత్రం నేను ఆపలేను. తాళంచెవి ఆయన చేతిలో పెట్టాను. వీరవేణిని వదిలేశారు. "యానాం రేవులో ఉండు, రసీదు తెస్తాను" అని ఆవిడకి చెప్పి పంపాను.

నాలుగున్నరకి స్టేషన్‌కి వెళ్ళాను. సారు రౌండ్సుకి వెళ్ళారన్నారు. ఐదింటికీ అదే మాట. ఐదూ ముప్పావుకి బల్ల మీద కూర్చున్న రైటరు నా వంక జాలిగా చూశాడు. పెద్దమనుషుల జాడ లేదు. సరే, ఈలోగా ఫిలిం ముక్కయినా తెచ్చుకుందామని హాలుకి నడిచాను. ఆరైంది.

సత్తిబాబు బ్లేడుతో ఫిలిం గీకి అతుకు వేస్తున్నాడు. రెండు బొమ్మలు కోసి కాగితంలో చుట్టి ఇచ్చాడు. "ఈ ముక్కకి భలే గిరాకీ అండి. మొన్న పాపారావుగారూ ఒకటి కోయించుకున్నారు, ఇంట్లో దాచుకుంటానని."

"ఆయనకెందుకు?"

సత్తిబాబు నన్ను వింతగా చూశాడు. "అదేటండి, ఆయన చేతులే కదండీ అవి."

కాగితం విప్పి, ఆ ముక్కని బల్బుకి ఎత్తి మళ్ళీ చూశాను.

"మీకు తెలీదా? ఊరంతటికీ తెలుసండి. అందుకే కదా ఆ చప్పట్లు. డాక్టరు వేషం ఆయన కాకినాడలో ట్రైనుకి టైమైందని ఎల్లిపోయేరు. పొద్దు వాలిపోతంది. ఈ ఒక్క షాటూ మిగిలింది. గ్లవ్సే కదా, ఎవరి చేతులైతేనేం అన్నారు డైరెక్టరుగారు. బందోబస్తుకొచ్చిన పాపారావుగారు సరదాపడి తొడుక్కున్నారు. తాళంచెవి గోదాట్లో ఇసరాలండి, పుస్తకంలో ఉన్నట్టు. అప్పుడేమో పాటు. నీళ్ళు లాగేసి రేవంతా బురద. ఇసిరితే బురదలో కనబడతది. ఎక్కడో అక్కడ మీరే దాచెయ్యండి సార్, టైము లేదు అన్నారు. ఒక్కటే టేకండి. చెయ్యి అలా ఎల్లిపోయింది గెడలోకి. ఎంత న్యాచురల్‌గా చేశారో అని డైరెక్టరుగారు ఒకటే మెచ్చుకున్నారు."

ఆలోచించే టైము ఇవ్వలేదు కాబట్టి చెయ్యి తనకి తెలిసిన చోటికే వెళ్ళింది. ఊరంతటికీ తెలిసింది వీరవేణికీ తెలిసే ఉంటుంది, నాకూ తెలుసనుకుని ఉంటుంది. కాలిన అగ్గిపుల్ల కళ్ళముందు కదిలింది. దీపాలవేళ వచ్చిన జీపు. చనిపోవడానికి వారం ముందు సూర్యనారాయణ తన తమ్ముడితో అన్న మాట కూడా గుర్తొచ్చింది, ఈ బ్రాందీ పడవలు ఇంక నావల్ల కాదు, పాండిచ్చేరిలో పై అధికారులకి ఉత్తరం రాసేస్తానని. తమ్ముడు ఆ మాట నాకు అప్పుడే చెప్పాడు. కథకి అడ్డమని పక్కన పెట్టాను. ఇప్పుడు ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ చేతులారా తీసుకెళ్ళి హంతకుడి చేతిలోనే పెట్టాను. ఎందుకంటే అతను ఇన్‌స్పెక్టరు. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇన్‌స్పెక్టరు హంతకుడు కాడు, వట్టి మొద్దు. నేను డిటెక్టివునా, పాఠకుణ్ణా?

పరుగెత్తాను. ఆరూ ఇరవైకి రేవులో పడ్డాను. ఆరున్నర పంటుకి జనం ఎక్కుతున్నారు. పోటు నిండుగా వచ్చి మెట్లు మూడు మునిగాయి. చివరి మెట్టు మీద పాపారావు ఒక్కడే నిలబడి ఉన్నాడు, చేతులు వెనక్కి కట్టుకుని. జీపు లేదు, కానిస్టేబుళ్ళు లేరు.

"తాళంచెవి ఏదండీ?" అన్నాను. గస పోస్తూ అడిగాను, దొంగని పట్టుకున్నవాడిలా కాదు, అడుక్కునేవాడిలా.

"ఏ తాళంచెవి?"

"ఆ చేతులు మీవి. ఊరంతటికీ తెలుసు."

"ఊరంతా చప్పట్లు కూడా కొట్టింది. అది సినిమా కదండీ. కోర్టుకెళ్ళి సినిమాలో చూశానని చెబుతారా?" నెమ్మదిగా నా వైపు తిరిగాడు. "గెడలో ఏదో దొరికిందని ఎవరు చెబుతారు? ఖైదీ పెళ్ళాం. ఇంకొకరు మీరు. అప్పుడు ప్రమాణం చేసి చెప్పింది అబద్ధమండీ, ఇప్పుడు చెప్పేది నిజమండీ అంటారా? చెప్పండి. ముందు మిమ్మల్నే లోపలేస్తారు."

"పాపారావుగారూ, వాడు చచ్చిపోతున్నాడు. వానాకాలం దాటడు. ఆ తాళంచెవి ఇచ్చెయ్యండి, మీ పేరు ఎత్తను. మీ అమ్మగారి మీద ఒట్టు."

ఎందుకలా అన్నానో నాకే తెలియదు. ఒక హంతకుడితో బేరం పెట్టాను. దానికి సిగ్గుపడే ఓపిక కూడా లేకపోయింది.

ఆయన వెనకనుంచి రెండు చేతులూ ముందుకి తెచ్చి, అరచేతులు విప్పి నా ముందు పెట్టాడు. ఖాళీగా ఉన్నాయి. ఎడమ అరచేతిలో మాత్రం తుప్పు మరక ఉంది.

"ఐదేళ్ళ కింద కోర్టులో మీరే కదండీ చెప్పారు, తాళంచెవి గోదాట్లో ఉందని. అక్కడే ఉంది" అన్నాడు. మెట్లెక్కి వెళ్ళిపోతూ ఆగి, "నవల్లో ఆ ఇన్‌స్పెక్టరుని మరీ అంత మొద్దుగా రాయించకుండా ఉండాల్సింది" అన్నాడు.

నీళ్ళ వంక చూశాను. ఎక్కడని చూడను? పోటు పైకి ఎగదన్నుతోంది. పంటువాడు కేకేశాడు. ఎక్కి బల్ల చివర కూర్చున్నాను. కాకినాడ బస్సు యానాం వైపే అని అప్పటికి గుర్తు లేదు.

వీరవేణి జనంలోంచి దారి చేసుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ముఖం కడుక్కుని, తల దువ్వుకుని ఉంది. రసీదు గురించి అడగలేదు. ఇచ్చే ఉంటాడని అనుకుంది కాబోలు.

"సాయంత్రం రాస్తానన్నారు కదా బాబూ" అంది.

జేబులోంచి కార్డు తీశాను. మోకాలి మీద పెట్టుకుని, ముందు చిరునామా రాశాను. ఖైదీ బుల్లబ్బాయి, సెంట్రల్ జైలు, పాండిచ్చేరి. కార్డు తిప్పాను. అవతలి ఒడ్డు దగ్గరపడుతోంది. వీరవేణి ముందుకి వంగి, తనకి చదవడం రాని అక్షరాల కోసం నా పెన్ను వంకే చూస్తోంది.